గెట్టు జరిపినవాడికి అన్నం పెట్టొచ్చు, గెట్టు వదలనక్కర్లేదు

మా నాగర్‌కర్నూల్ వైపు చర్చి గ్రూపుల్లో నెల రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. నా ఒక్కడికే ఆరుగురు పంపారు. చాలామంది ‘ఆమెన్’ అని రాసి పంపారు. ఒక చెల్లె మాత్రం ఏమీ రాయలేదు, కింద ఏడుపు బొమ్మ పెట్టింది. ఆమె ఇంట్లో ఏం జరుగుతుందో మా వాడలో అందరికీ తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

‘నిజమైన క్రైస్తవ ప్రేమకు నాలుగు గుర్తులు’ అని దాని పేరు. దేవుణ్ణి ప్రేమించేవాడు ఇంటికంటే ముందు మందిరాన్ని చూస్తాడట, ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా కానుక ఆపడట. పొరుగువాడంటే తోటి విశ్వాసేనట, లోకస్తులతో, అంటే విశ్వాసులు కానివాళ్లతో, మనకు పనిలేదట. తనను తాను ప్రేమించుకోవడం అంత్యదినాల పాపమట. ఇక శత్రువును ప్రేమించేవాడు ఎదురు చెప్పడు, పంచాయితీ పెట్టడు, పోలీస్ స్టేషన్ మెట్లెక్కడు, ఎన్ని దెబ్బలైనా ఓర్చుకుంటాడు. ప్రతి గుర్తుకూ ఒక వచనం తగిలించారు. వచనాలు దొంగవి కావు గానీ అన్నీ సగానికి కోసినవి.

నేను పాస్టర్‌ను కాను. సండే స్కూల్ పిల్లలకు పాఠం చెబుతాను, అంతే. అయినా సగం కోసిన వచనానికి మిగతా సగం చదివి వినిపించడానికి సెమినరీకి పోనక్కర్లేదు.

మొదటిదానికి వాళ్లు చూపించింది లూకా 14:26. తండ్రినీ తల్లినీ ద్వేషించనివాడు నా శిష్యుడు కాలేడు అని అందులో ఉంది, నిజమే. అదే మాట మత్తయి 10:37లో ‘నాకంటే ఎక్కువగా’ తండ్రినో తల్లినో ప్రేమించేవాడు అని వస్తుంది. యూదుల మాటతీరులో ద్వేషించడమంటే చాలాచోట్ల రెండో స్థానంలో పెట్టడమే. ఆదికాండం 29లో యాకోబు లేయాకంటే రాహేలును ఎక్కువ ప్రేమించాడని ఒక వచనంలో చెప్పి, ఆ వెంటనే లేయా ద్వేషింపబడిందని రాశారు. ఈ రెండూ పక్కపక్కన చదివితే చాలు.

మెసేజ్ రాసినవాళ్లు మార్కు 7వ అధ్యాయం జోలికి పోలేదు. అమ్మానాన్నలకు పెట్టాల్సిన దాన్ని ‘కొర్బాను, దేవుడికి ఇచ్చేశాను’ అని చేతులు దులుపుకునే ఆచారాన్ని యేసు అక్కడ మొహం మీదే తిట్టాడు. ముసలివాళ్లను ఊళ్లో వదిలి మేస్త్రీ వెంట ముంబై, పుణెలకు వలసపోయిన కుటుంబాలు పాలమూరుకు కొత్త కాదు. వాళ్లు పంపే డబ్బులో మొదటి వాటా తల్లి బీపీ గోళీలకు పోతే దేవుడికి కోపమొస్తుందని చెప్పడానికి, ఆ అధ్యాయం చదివినవాడికి నోరు రాదు. కానుక సంగతే అయితే మత్తయి 5:23, 24 కూడా చూడండి. నీ మీద సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే కానుకను బలిపీఠం ముందే వదిలి, ముందు పోయి సమాధానపడి రమ్మన్నాడు. కానుక ఆగొచ్చని ఆయనే అంటుంటే, ఆపకూడదని మనమెందుకు పట్టుబట్టాలి?

రెండోది నాకు ఎక్కువ బాధ కలిగించింది. పొరుగువాడంటే తోటి విశ్వాసి అనడానికి గలతీ 6:10 చూపించారు: ‘విశ్వాసగృహానికి చేరినవారికి’ మేలు చేయాలి అని. ఆ వచనం మొదలయ్యేది ‘అందరికీ’ మేలు చేద్దాం అని. విశ్వాసులకు మరీ ఎక్కువగా అనేది ఆ తర్వాత మాట. మొదటి సగం కోసేసి రెండోది అంటించారు.

అసలు పొరుగువాడెవడు అన్న ప్రశ్న యేసునే అడిగారు కదా. లూకా 10లో ధర్మశాస్త్ర పండితుడు అడిగింది అదే, ఎక్కడివరకు ప్రేమిస్తే లెక్క సరిపోతుందని. ఆయన చెప్పిన కథలో దారి యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారి. దాదాపు 27 కిలోమీటర్లు, ఆ మధ్యలో వెయ్యి మీటర్ల దిగుడు. శ్రీశైలం పోతూ మన్ననూరు దాటాక అడవిలో రాత్రిపూట బండి ఆగినవాళ్లకు ఆ దారి ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు. దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు చూసి పోయాడు, గుడి సేవ చేసే లేవీయుడు చూసి పోయాడు. ఆగినవాడు సమరయుడు. యూదులకు సమరయులతో కలిసి తినడం, తాగడం లేదు. యోహాను 4లో బావి దగ్గర సమరయ స్త్రీ, నన్ను నీళ్లెట్ల అడుగుతున్నావని ఆశ్చర్యపోయింది అందుకే. ఊరి హోటల్లో వేరే గ్లాసులో చాయ్ తాగిన తాతలున్న మనకు ఆ ఆశ్చర్యం వివరించాలా?

కథ అయ్యాక వీళ్లలో పొరుగువాడైనదెవడని యేసు అడిగితే, ఆ పండితుడికి ‘సమరయుడు’ అనడానికి నోరు రాలేదు. ‘కనికరం చూపినవాడే’ అన్నాడు. గాయపడినవాణ్ణి చూసుకోమని పూటకూళ్లవాడికి సమరయుడు ఇచ్చింది రెండు దేనారములు, అంటే రెండు రోజుల కూలి. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. బైబిల్‌లో ప్రేమకు ఇలా రేటు, మందు, మంచం, బాకీ అన్నీ ఉంటాయి. మన దేశంలో ఆ పేరు చట్టం దాకా పోయింది. 2019 మోటారు వాహనాల చట్ట సవరణలో వచ్చిన 134ఏ సెక్షన్, ప్రమాదంలో ఉన్నవాణ్ణి మంచి ఉద్దేశంతో ఆదుకునేవాణ్ణి ‘గుడ్ సమరిటన్’ అనే పిలుస్తుంది, అతని మీద కేసు పడకుండా రక్షణ ఇస్తుంది. బాలానగర్ దగ్గర 44వ నంబర్ హైవే మీద ఎవరో పడి ఉంటే, 108కి ఫోన్ చేసే ముందు నువ్వు విశ్వాసివా అని అడుగుతామా?

లోకస్తులతో పనిలేదన్న మాట మన చరిత్రకు కూడా సరిపడదు. అప్పటి నల్గొండ జిల్లా పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న, భూమిలేని హరిజన కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచాడు. ఆయన ఏ సంఘంలో సభ్యుడని చూసి ఆ భూమి వద్దనాలా? ఇంకో మాట కూడా అనేస్తాను, కోపమొస్తే రానివ్వండి. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుని, పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి ‘మనోళ్లేనా?’ అని గుసగుసగా అడిగే అలవాటు మన చర్చిల్లో పోలేదు. పొరుగువాణ్ణి తోటి విశ్వాసికి కుదించినవాళ్లు అక్కడితో ఆగరు, ఇంకా కుదిస్తారు.

మూడో గుర్తు దగ్గర వాళ్ల మాటలో కొంచెం నిజముంది. 2 తిమోతి 3:2లో స్వార్థప్రియుల గురించి హెచ్చరిక ఉంది. ముందు నిన్ను నువ్వు ప్రేమించుకో, తర్వాతే మిగతావాళ్లు అని ఈమధ్య చెప్పే ప్రసంగాలు నాకూ నచ్చవు. యేసు చెప్పినవి రెండు ఆజ్ఞలే: దేవుణ్ణి ప్రేమించు, నిన్నువలె నీ పొరుగువాణ్ణి ప్రేమించు. ‘నిన్ను ప్రేమించుకో’ అనేది మూడోది కాదు. కానీ ‘నిన్నువలె’ అన్న మాట కొలపాత్ర లాంటిది. కొలపాత్రకే చిల్లు పెడితే పొరుగువాడికి ఏం కొలిచి పోస్తావు? షుగర్ ఉన్న మనిషితో మూడు రోజుల ఉపవాసం చేయించి, ఇన్సులిన్ మానిపించి, కళ్లు తిరిగి పడిపోతే ‘విశ్వాసం చాలలేదు’ అన్నవాళ్లను నేను చూశాను. ప్రవక్త ఏలీయా చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి లేపాడు, తిన్నాక మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. 1 రాజులు 19. భోజనానికి కూడా తీరిక లేని శిష్యులను ఏకాంతంగా వచ్చి కాస్త అలసట తీర్చుకోమన్నది యేసే, మార్కు 6:31.

ఇక నాలుగోది, చెల్లె ఏడుపు బొమ్మ పెట్టింది దీనికే.

రెండో చెంప చూపించమన్నది మత్తయి 5:39. కుడిచేత్తో కుడిచెంప మీద కొట్టాలంటే చెయ్యి వెనకవైపుతోనే కొట్టాలి, అది అవమానించే దెబ్బ, కాబట్టి ఇది పగ తీర్చుకోవడం గురించిన మాట అని కొందరు వ్యాఖ్యానిస్తారు. కావచ్చు. నేను దాని మీద ఎక్కువ బరువు పెట్టను. నాకు ఆ మాట చెప్పినాయన తను ఏం చేశాడన్నదే ముఖ్యం. ప్రధానయాజకుని ముందు బంట్రౌతు చెంప మీద కొడితే యేసు తిట్టలేదు, శపించలేదు, తిరిగి కొట్టలేదు. ఊరుకోనూ లేదు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేమిటో చెప్పు, సరిగా మాట్లాడితే ఎందుకు కొట్టావు అని అడిగాడు. యోహాను 18:23. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ పట్టణంలో, విచారణ లేకుండా రోమా పౌరులను కొట్టించి ఇప్పుడు దొంగచాటుగా పంపేస్తారా, అధికారులే వచ్చి తీసుకుపోవాలి అన్నాడు. తర్వాత రోమా చక్రవర్తి కైసరు దగ్గరే చెప్పుకుంటానన్నాడు, అంటే ఇప్పటి లెక్కలో పై కోర్టుకు అప్పీలు. ఈయనే రోమా 12లో, నీ శత్రువు ఆకలితో ఉంటే అన్నం పెట్టమని రాసింది. ఆయనకు ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు.

శత్రువుతో మాట్లాడకుండా కోపాన్ని కడుపులో పెట్టుకోవడాన్ని లేవీయకాండం ప్రేమ అనదు. 19:17లో పొరుగువాణ్ణి గద్దించమంటుంది, ఆ తర్వాతి వచనంలోనే నిన్నువలె ప్రేమించమంటుంది. నిర్గమకాండం 23లో శత్రువు ఎద్దు తప్పిపోయి కనబడితే తోలుకెళ్లి అప్పజెప్పమని ఉంది. నీ ఎద్దును కూడా వాడికి ఇచ్చెయ్యమని లేదు.

మా పాలమూరు విశ్వాసులు ఎక్కువమంది ఎంబీ చర్చివాళ్లం, మెనోనైట్ బ్రదరెన్. యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న పాత సంఘం వేళ్లు మావి. రష్యా నుంచి వచ్చిన ఆ సంఘం మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890 ప్రాంతంలో నల్గొండలో పని మొదలుపెట్టాడు. మెనోనైట్లు తరతరాలుగా పిల్లలకు చెప్పుకునే కథ డిర్క్ విలెమ్స్‌ది. విశ్వాసం కోసం జైల్లో పెడితే, గుడ్డలు ముడేసి తాడు చేసుకుని కిటికీలోంచి దిగి పారిపోయాడు. వెంటపడిన కాపలావాడు గడ్డకట్టిన చెరువు పగిలి నీళ్లలో పడ్డాడు. డిర్క్ వెనక్కి వచ్చి వాణ్ణి బయటికి లాగాడు. మళ్లీ పట్టుబడ్డాడు, 1569 మే 16న నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్‌లో కాల్చి చంపారు. ఈ కథ చెప్పేవాళ్లు చెయ్యి అందించిన దగ్గర ఆగిపోతారు. నేను పిల్లలకు కిటికీ దగ్గర మొదలుపెడతాను. శత్రువును అంతగా ప్రేమించిన మనిషి మొదట చేసిన పని, వాళ్ల చేతుల్లోంచి తప్పించుకోవడం.

కాబట్టి చెల్లీ, తాగొచ్చి కొట్టేవాడి ఇంట్లోంచి పిల్లలను తీసుకుని పుట్టింటికి పోవడం, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయడం ప్రేమ తక్కువై కాదు. గృహహింస చట్టం 2005లోనే చేశారు. అతనికోసం ప్రార్థన చేయాలని ఉంటే అక్కడినుంచి కూడా చేయొచ్చు. క్షమాపణ సంగతి తర్వాత, లూకా 17:3లో గద్దించడం, మారుమనసు పొందడం, క్షమించడం అని వరస ఉంది. ‘కుటుంబ పరువు’ అని నచ్చజెప్పడానికి వచ్చే పెద్దలకు ఆ వరస చూపించు.

నేను ఇది పుస్తకాల్లో నేర్చుకోలేదు. మా పెద్దనాయిన ఏటా కొంచెం కొంచెం పొలం గెట్టు, అంటే హద్దు, మావైపు జరిపేవాడు. నాయిన పోయాక మరీ ఎక్కువైంది. సంఘంలో అందరూ అమ్మతో, పోనీలే అక్కా, నేల పోతే పోయింది, సాక్ష్యం మిగులుతుంది అన్నారు. అమ్మ మీ సేవలో సర్వేకు దరఖాస్తు పెట్టించింది. ఆ మధ్యలోనే పెద్దనాయినకు పక్షవాతం వచ్చి కాలు, చెయ్యి పడిపోతే, రెండు నెలలు జొన్న రొట్టె, పచ్చిపులుసు నా చేత పంపించింది. దరఖాస్తు వాపసు తీసుకుందామా అని అడిగితే, ‘రొట్టె ఆయనది, గెట్టు మీది’ అంది.

సర్వేయర్ వచ్చి గొలుసు లాగిన రోజు నాలుగు గుంటలు మావైపు తేలాయి. అప్పటికి పెద్దనాయిన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. అమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చింది, ఆయనకూ ఇచ్చింది. ఆయన తాగకుండా గ్లాసు కొత్తగా పాతిన రాయి పక్కన పెట్టి వెళ్లిపోయాడు. అమ్మ గ్లాసు తీసుకుని కడిగి బుట్టలో వేసుకుంది. ఆ రాత్రి ఇంటి ప్రార్థనలో ఆయన పేరు ఎప్పటిలాగే నాయిన పేరు తర్వాత వచ్చింది.