పెద్ద టర్బో బిగిస్తే సరిపోతుందా?

కార్ల మోజున్నవారిలో ఈ మాటలు బాగా చలామణిలో ఉన్నాయి: టర్బోలో గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే కంప్రెసర్ చక్రం ఎంత పెద్దదైతే బండి అన్ని వేగాల్లోనూ అంత బలంగా లాగుతుంది; గేజిలో బూస్ట్ (టర్బో పెంచే గాలి పీడనం) సమానంగా ఉంటే ఏ టర్బో అయినా ఒకటే; రెక్కలు ఎక్కువుంటే మేలు; యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే ‘తుతుతు’ చప్పుడు బలానికి గుర్తు. వీటిలో జేబుకు ఎక్కువ చిల్లుపెట్టేది మొదటిదే.

కంప్రెసర్ పనితీరును చూపే పటమైన కంప్రెసర్ మ్యాప్‌లో అడ్డంగా గాలి ప్రవాహం, నిలువుగా పీడన నిష్పత్తి (బయటికొచ్చే గాలి పీడనం లోపలికెళ్లేదానికి ఎన్ని రెట్లో) ఉంటాయి. దానికి రెండు హద్దులు. ఎడమవైపు సర్జ్: ప్రవాహం మరీ తగ్గితే గాలి రెక్కల నుంచి విడివడి వెనక్కి తన్నుతుంది. కుడివైపు చోక్: లోపలి ఇరుకులో గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది, ఇక ఎంత తిప్పినా ప్రవాహం పెరగదు. చక్రం పెద్దదైతే చోక్ హద్దు కుడికి జరుగుతుంది, నిజమే. సర్జ్ హద్దు కూడా దాని వెంటే జరుగుతుందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. తక్కువ ఆర్పీఎంలో ఘాట్ రోడ్డు ఎక్కే ఇంజిన్ వాడుకునే కొద్దిపాటి గాలి అప్పుడు ఆ సర్జ్ గీత మీదే పడవచ్చు. పైగా బరువైన చక్రం వేగం అందుకునేసరికి ఆలస్యమవుతుంది.

ఈ రెండు హద్దుల మధ్య పని చేసే పరిధిని పెంచేది ఆకృతి. రెక్కల చివరలను తిరిగే దిశకు వెనక్కి వంచితే పరిధి వెడల్పవుతుంది, కానీ అదే పీడనానికి చక్రం ఇంకా వేగంగా తిరగాలి. చక్రం ముఖద్వారం దగ్గర కేసింగ్‌లో గాడి తీస్తే, ప్రవాహం తగ్గినప్పుడు కొంత గాలి దాని గుండా మళ్లీ ద్వారానికే చేరి సర్జ్‌ను వెనక్కి నెడుతుంది. దక్షత కాస్త తగ్గుతుంది. చక్రం దాటిన గాలిని నెమ్మదింపజేసి పీడనం పెంచే డిఫ్యూజర్‌లో స్థిరమైన రెక్కలు అమర్చితే దక్షత పెరిగి పరిధి కుంచించుకుపోతుంది. దాదాపు ఒకే వేగంతో నడిచే ఓడ ఇంజిన్‌కు అది సరే, ట్రాఫిక్‌లో ఆగి ఆగి కదిలే కారుకు కాదు.

బూస్ట్ సంగతి. 27 డిగ్రీల గాలి పీడనాన్ని రెట్టింపు చేస్తే, 75 శాతం దక్షత ఉన్న కంప్రెసర్ నుంచి అది సుమారు 115 డిగ్రీల వద్ద వస్తుంది. 60 శాతమైతే 137. గేజి రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది, రెండో గాలి సాంద్రత మాత్రం దాదాపు 5 శాతం తక్కువ. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కొంత సర్దుతుంది, అంతే.

రెక్కలు కిక్కిరిస్తే ముఖద్వారం ఇరుకై చోక్ త్వరగా వస్తుంది. అందుకే చాలా చక్రాల్లో పొడవు రెక్కకూ పొడవు రెక్కకూ మధ్య ఒక పొట్టి రెక్క ఉంటుంది.

ఇక ఆ చప్పుడు. పెట్రోల్ కారులో ఇంజిన్‌కు వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ హఠాత్తుగా మూసుకుంటే దారిలేని గాలి కంప్రెసర్ మీదికే తిరగబడుతుంది. దాన్ని వదిలించడానికి పెట్టిన వాల్వును మూసేసి చప్పుడుకు మురిసిపోవడం వింత సరదా! యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచినప్పుడు, తక్కువ ఆర్పీఎంలో వినిపిస్తే అది ఇంకా చెడ్డది: ప్రతి ఎదురుతన్నూ టర్బో ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగు మీద పడుతుంది. వెంటనే గేరు తగ్గించండి. ఇంజిన్ వేగం పెరిగి, వాడుకునే గాలి పెరిగి, కంప్రెసర్ సర్జ్ గీతకు కుడివైపుకు వస్తుంది.