బెల్లం వేసినంత మాత్రాన అది ‘షుగర్ లేని స్వీటు’ కాదు

పండగ దగ్గరపడగానే ఒక మెసేజ్ ఫోన్లన్నీ చుట్టి వస్తుంది. అందులో చెప్పేది ఇదీ: చక్కెర బదులు బెల్లం, తేనె, ఖర్జూరం ఏది వేసి ఇంట్లో చేసుకున్నా అది షుగర్ లేని స్వీటే, డయాబెటిస్ ఉన్నవాళ్లు కూడా ఎన్నైనా తినొచ్చు. అవి వద్దనుకుంటే చక్కెర ఎంతో షుగర్‌ఫ్రీ పొడి అంతే వేయండి. చక్కెర తగ్గించి చేస్తే మాత్రం స్వీటు కుదరదు.

పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతారు. మా అమ్మకు పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. ఈ మాట నమ్మి ఒక పండక్కి మేమే బెల్లంతో చేసినవి ఆవిడకు మూడు పెట్టాం. మామూలుగా ఒక్కటి తిని చాలనే మనిషి, బెల్లమే కదా అని మూడూ తినేసింది. ఆ రాత్రి మీటరు చూపిన అంకె చూసి ఇద్దరం నిద్రపోలేదు. అందుకే ఆ మెసేజ్‌లోని ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదట బెల్లం. చెరకు రసాన్ని చిక్కగా కాచి గట్టిపరిస్తే బెల్లం. అదే రసాన్ని శుద్ధి చేసి పలుకులుగా విడదీస్తే చక్కెర. 100 గ్రాముల చక్కెరలో 390 కేలరీల దాకా ఉంటే, బెల్లంలో 380 దరిదాపుల్లో ఉంటాయి. బెల్లంలో చాలా భాగం చక్కెరలో ఉండే సుక్రోజే. మిగిలినదాంట్లోనూ గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉంటాయి. ఐరన్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కాదనను. కానీ ఒక స్వీటులో పడే 10 గ్రాముల బెల్లంతో వచ్చేది మహా అయితే 1 మిల్లీగ్రాము. బెల్లం వాడటానికి నాకు తెలిసి ఒక్కటే గట్టి కారణం, రుచి. ఆ ఘాటైన రుచి వల్ల కాస్త తక్కువ వేసినా వెలితి తెలియదు. ఆ ‘తక్కువ వేయడం’ అనే మాటే మెసేజ్‌లో లేదు.

తేనె సంగతీ ఇంతే. 100 గ్రాముల తేనెలో 80 గ్రాములకు పైగా చక్కెరలే, మిగతాది దాదాపు అంతా నీరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర పరిమితి చెప్పినప్పుడు తేనెనూ ఆ లెక్కలోనే కలిపింది. రోజు మొత్తం శక్తిలో ఇలాంటి చక్కెరలు 10 శాతానికి మించకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలని చెప్పింది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి 5 శాతం అంటే 25 గ్రాములు, సుమారు ఆరు టీస్పూన్లు. ఇంకో మాట. ఏడాది నిండని పిల్లలకు తేనె వేసిన స్వీటు నాకించకండి. బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు, ఇంటి పొయ్యి వేడికి దాని బీజాలు చావవు.

ఈ మూడింటిలో ఖర్జూరమే నయం. పీచు ఉంటుంది, కడుపు నిండిన భావన త్వరగా వస్తుంది. కానీ చక్కెర లేనిది మాత్రం కాదు. గింజ తీసిన 100 గ్రాముల ఎండు ఖర్జూరంలో 63 నుంచి 66 గ్రాముల చక్కెరలు ఉంటాయి. పావు కిలో ఖర్జూరం, 150 గ్రాముల బాదం, జీడిపప్పు కలిపి 20 ఉండలు చుడితే ఒక్కోదాంట్లో 8 గ్రాములు, అంటే రెండు టీస్పూన్లు. ఒకటి తింటే బాగుంటుంది. నాలుగు తింటే 32 గ్రాములు. ఇక ఖర్జూరం సిరప్ అయితే పీచు చాలావరకు పోయి తీపే మిగులుతుంది.

‘డయాబెటిస్ ఉన్నవాళ్లు ఎన్నైనా తినొచ్చు.’ అన్నిటిలోకీ నన్ను భయపెట్టేది ఈ మాటే. మన మాటల్లో షుగర్ అంటే డబ్బాలోని చక్కెర, షుగర్ అంటే ఒంట్లోని జబ్బు కూడా. ‘షుగర్ లేని స్వీటు’ అని వినగానే జబ్బును పెంచని స్వీటు అని చెవికి ఎక్కుతుంది. కానీ చక్కెర పూర్తిగా తీసేసినా అందులో పిండి ఉంటుంది. పిండి అరిగితే గ్లూకోజే అవుతుంది. నెయ్యి రక్తంలో చక్కెరను నేరుగా పెంచకపోయినా గ్రాముకు 9 కేలరీలు ఇస్తుంది. మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఎంత తినాలో తమ డాక్టరుతో మాట్లాడుకోవాలి. స్వీటు తిన్నామని మాత్రల మోతాదు సొంతంగా మార్చుకోకూడదు.

షుగర్‌ఫ్రీ పొడి విషయంలో తప్పు కొలత దగ్గర మొదలవుతుంది. ఈ పొడుల్లో తీపినిచ్చే పదార్థాలు రకరకాలు. సుక్రలోజ్ చక్కెరకు సుమారు 600 రెట్లు తీపి, స్టీవియా సారం 200 నుంచి 300 రెట్లు. ప్యాకెట్‌లో వాటితో పాటు ఏ పూరక పొడి, ఎంత కలిపారన్నదాన్ని బట్టి కొలత మారుతుంది, కాబట్టి లేబుల్ చదవాల్సిందే. అస్పర్టేమ్ ఎక్కువసేపు వేడి చేస్తే తీపి పోతుంది, దించి చల్లారాకే కలపాలి. ఎరిత్రిటాల్ చక్కెరలో 60, 70 శాతమే తీపి, పైగా నోట్లో చల్లగా తగులుతుంది. మాల్టిటాల్ లాంటివి ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. బరువు తగ్గడానికి ఇలాంటి తీపి పదార్థాలపై ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. అప్పటికే డయాబెటిస్ ఉన్నవాళ్లకు ఆ సూచన వర్తించదు. అందువల్ల వాళ్లు పాలతో చేసే స్వీటులో కొద్దిగా వాడుకుంటే నేను వద్దనను. పాకం పట్టే స్వీటులో మాత్రం ఇవి చక్కెర చేసే పని చేయలేవు.

ఇక ‘తగ్గిస్తే కుదరదు’. ఇందులో సగం నిజం ఉంది, ఆ సగం పాకానిది. ఉండపాకం వచ్చేసరికి, అంటే సుమారు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆ పాకంలో దాదాపు 85 శాతం చక్కెరే ఉంటుంది. మీరు గిన్నెలో మొదట ఎంత తక్కువ వేసినా, అదే పాకం దాకా కాస్తే అదే చిక్కదనం వస్తుంది. పాకం మాత్రం తక్కువ వస్తుంది, అప్పుడు పిండి పట్టుకోక పొడిపొడిగా విడిపోతుంది. ఇలాంటి వాటిలో చక్కెర జోలికి పోకుండా ముక్క సైజు తగ్గించాలి, లేదా పాకం పట్టినంతవరకు వేయించిన గింజలు పెంచాలి. పాకంలో నానబెట్టే స్వీట్లకు పాకం పల్చగా పెట్టి, త్వరగా తీసేయండి.

మిగతా స్వీట్లలో తగ్గించడానికి బోలెడంత చోటుంది. పాలు మరిగించి చేసేవాటిలో, కేకుల్లో, బిస్కెట్లలో పావు వంతు చక్కెర తగ్గిస్తే ఇంట్లో చాలామంది గుర్తుపట్టరు. మూడో వంతు దాకా కూడా చాలాసార్లు నడుస్తుంది, కేకు కాస్త పొడిబారి రంగు తగ్గుతుంది, అంతే. చక్కెర తేమను పట్టి ఉంచుతుంది, ఎర్రగా కాలడానికీ తోడ్పడుతుంది. యాలకులో వెనీలానో కాస్త ఎక్కువ వేసి, చిటికెడు ఉప్పు కలపండి. తీపి వేడిమీద ఎక్కువగా, చల్లారాక తక్కువగా తెలుస్తుంది, కాబట్టి వడ్డించే వేడిలోనే రుచి చూసి నిర్ణయించండి. తీపి కండెన్స్‌డ్ మిల్క్ వేస్తే మాత్రం దాని బరువులో సగానికి పైగా చక్కెరలే ఉంటాయని లెక్కలో వేసుకోండి.

ఇంట్లో చేయడంలో నిజమైన లాభం ఈ లెక్కే. 300 గ్రాముల చక్కెరతో 24 ముక్కలు కోస్తే ఒక్కోదాంట్లో 12.5 గ్రాములు. అదే స్వీటుకు 210 గ్రాములు వేసి, కాస్త చిన్నగా 30 కోస్తే ఒక్కోదాంట్లో 7 గ్రాములు. ఇప్పుడు మా ఇంట్లో డబ్బా మూత మీద ఆ అంకె రాసిన కాగితం అతికిస్తాం. అమ్మ అది చదువుకుని ఒకటి తీసుకుంటుంది.

ఒక ఇబ్బంది ఉంది, దాచను. నీటిని పట్టి ఉంచి స్వీటు త్వరగా పాడవకుండా చూసేదీ చక్కెరే. అది తగ్గాక పాల స్వీట్లు బయట ఉంచితే త్వరగా పులుస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తినేయాలి, అందుకని చేసేటప్పుడే సగం కొలతకు చేయండి.