నలుపు తెలుపుల్లో పసుపు వాటా

నలుపు తెలుపు ఫొటో ప్రింట్ తీయడానికి రంగు సిరాలెందుకని కొందరు ఇంకా అమాయకంగా అడుగుతూనే ఉన్నారు. అధికారమంతా ఒక్క నల్ల సిరా చేతిలో పెడితే నియంతృత్వమవుతుందని మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్‌కు తెలుసు. అందుకే సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపులతో సంకీర్ణ ప్రభుత్వం ఏర్పాటు చేసి బూడిద రంగును ఉమ్మడిగా పాలిస్తుంది. నిగనిగలాడే ఫొటో కాగితం పెట్టామా, చాలా నాలుగు సిరాల ప్రింటర్లు అసలు నలుపునే పక్కన కూర్చోబెట్టేస్తాయి. అది అక్షరాల కోసం చేసిన పిగ్మెంట్ సిరా, అంటే కరగని రంగు రేణువులున్న సిరా, ఆ నున్నటి కాగితం మీద సరిగ్గా నిలవదు. పసుపు నిండుకుంటే నలుపు తెలుపు ఫొటో కూడా ఆపేయడం అన్యాయమని గొడవ చేసేవాళ్లు ఈ సంగతి గమనించాలి. మద్దతు ఉపసంహరించుకున్నాక ప్రభుత్వం పడిపోక ఏం చేస్తుంది?

ఈ రంగు సిరాల పాళ్లలో పిసరంత తేడా వచ్చినా కన్ను పట్టేస్తుంది. రంగుల ఫొటోలో అయితే ఆ తేడా ఏ పూల మధ్యో ఆకుల మధ్యో కలిసిపోతుంది. బూడిదలో దాక్కోవడానికి చోటుండదు. తాతగారి నెరిసిన జుట్టు లేత ఆకుపచ్చకు తిరుగుతుంది, గడ్డం కింద నీడ గులాబీ అవుతుంది. పైగా రాత్రి బల్బు కింద చక్కటి బూడిదగా ఉన్నదే పొద్దున్న కిటికీ దగ్గర ఆకుపచ్చగా మారుతుంది. దీన్ని మెటామెరిజం అంటారు. పేరంటూ పెట్టేశారు కాబట్టి ఇక ఫిర్యాదు చేయడానికి లేదు. ఇలాంటి ఫొటోను బహుమతిగా ఇచ్చేవాళ్లు బల్బు కూడా జతచేయడం మర్యాద.

నల్ల సిరా మాత్రమే వాడమని డ్రైవర్‌లో, అంటే ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో, టిక్ పెడితే రంగుల పీడ వదులుతుంది, నిజమే. కానీ లేత ఛాయల కోసం ఆ ఒక్క సిరానే చుక్కలు చుక్కలుగా, దూరం దూరంగా చల్లాలి. దగ్గరికెళ్లి చూస్తే పసిపాప బుగ్గల నిండా మిరియాల పొడి.

ప్రింటర్ల కంపెనీ ఎప్సన్ 2005లో తెచ్చిన కే3 సిరాల్లో నలుపు, లేత నలుపు, లేత లేత నలుపు అని మూడున్నాయి. ఇది నిజంగానే పనిచేసే దారి, వ్యంగ్యానికి లొంగదు, కాబట్టి త్వరగా దాటేస్తాను. ఒక్క ఊరట ఏమిటంటే, నున్నటి కాగితానికో నలుపు, మెరుపులేని మ్యాట్ కాగితానికో నలుపు కావాలి. కొన్ని మోడళ్లలో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా పైపుల్లోని సిరా వృథా ట్యాంకులోకి పోతుంది. దానికి మాత్రం ఆకలుండదా?

ఏ కాగితానికి ఆ ప్రొఫైల్, అంటే ఆ కాగితం మీద రంగులెలా పడతాయో చెప్పే ఫైలు, ఎంచుకోవాలి. రంగుల పెత్తనం ఫొటో సాఫ్ట్‌వేర్‌కో ప్రింటర్ డ్రైవర్‌కో, ఎవరో ఒకరికే ఇవ్వాలి. ఇద్దరూ సరిదిద్దితే బాగున్నది కూడా చెడుతుంది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఫొటో మరీ నల్లగా వచ్చిందని ప్రింటర్‌ను తిట్టేముందు స్క్రీన్ వెలుగు కాస్త తగ్గించి చూడండి. కాగితం పాపం సొంతంగా వెలగలేదు.

ఇన్ని గండాలు దాటాక కూడా, ఫొటోల కోసం చేసిన పిగ్మెంట్ సిరా వాడిన నున్నటి ప్రింట్‌ను ఏటవాలుగా పట్టుకుంటే ముదురు నీడల మీద రాగి మెరుపు కనిపించవచ్చు. ఫ్రేముకు అద్దం వేస్తే అది చాలావరకు అణుగుతుంది. అద్దం లేకపోతే అతిథులు ఫొటోకు సరిగ్గా ఎదురుగా నిలబడాలి, తల పక్కకు వంచకూడదు, లోపలికి వచ్చేముందు కిటికీ తెర వేయాలి. ఈ నిబంధనలు పాటించలేనివాళ్లకు ఫొటోను ఫోన్‌కు పంపించేస్తాం.