ఇల్లుడ్ ఏ ఇంటి అల్లుడు?

మా ఇంట్లో ఒక ఫైలు 2011 జూన్ నుంచి పెండింగులో ఉంది. పొలం తగాదా కాదు, పెన్షన్ కాగితమూ కాదు. మార్బిడ్ ఏంజెల్ అనే అమెరికన్ డెత్ మెటల్ (గర్జించే గొంతు, గిటార్ల హోరు, డ్రమ్ముల పరుగు ఉండే రాక్) బృందం ఆ నెలలో వదిలిన ఆల్బమ్. కంప్యూటర్లో పాట పేరు, పాడినవారు, సంవత్సరం, అన్ని గళ్ళూ నింపాను. ‘జానర్’, అంటే సంగీతం ఏ రకమో చెప్పే గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఖాళీగా వదిలెయ్యొచ్చుగా అంటుంది మా ఆవిడ. గళ్ళు ఖాళీగా వదిలేసే జాతి ఏనాడైనా బాగుపడిందా?

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. వీళ్ళది ఫ్లోరిడాలోని టాంపా. 1989లో వచ్చిన ‘ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’తో డెత్ మెటల్ వంశానికి మూలపురుషుల్లో చేరిపోయారు. మహా పద్ధతైన మనుషులు కూడా. ఆల్బమ్‌లకి ఇంగ్లిష్ అక్షరాల వరసలో పేర్లు పెట్టుకుంటూ వస్తారు, ఎల్‌కేజీ పిల్లల్లాగా. 2003కి హెచ్ దగ్గరికొచ్చారు. ఎనిమిదేళ్ళు ఊరించి, ఐ అక్షరానికి ‘ఇల్లుడ్ డివైనమ్ ఇన్సానస్’ అని లాటిన్ పేరొకటి దించారు. 1995 తర్వాత వాళ్ళ స్టూడియో ఆల్బమ్‌లో పాత గాయకుడు డేవిడ్ విన్సెంట్ గొంతు వినపడటం అదే మొదలు. కొత్త అల్లుడికి ఎదురెళ్ళినట్టు వెళ్ళాం అందరం.

పీఠిక లాంటి సంగీతం అయ్యాక మొదటి పాట. ధమ్ ధమ్ ధమ్ ధమ్. వినాయక నిమజ్జనానికి కట్టిన డీజే లారీ దారి తప్పి టాంపాలో తేలిందా అనుకున్నాను. పాట పేరు ‘టూ ఎక్స్‌ట్రీమ్!’. ఆశ్చర్యార్థకం వాళ్ళు పెట్టుకున్నదే, నేను తగిలించింది కాదు.

అప్పట్లో నా రూమ్మేట్ నడుం దాకా జుట్టు పెంచి, మెటల్‌కి గ్రామదేవతలా కాపలా కాసేవాడు. ఆ దరువు విని ప్లేటు పక్కన పెట్టేశాడు. “ఇది డెత్ మెటల్ కాదురా. డెత్ మెటల్ ఇంటికి టెక్నో, అదే డాన్సు క్లబ్బుల మిషన్ దరువు, ఇల్లరికం వచ్చింది. పేరు చూడు, ఇల్లుడు!”

ఉద్వేగాలు వద్దు, సాక్ష్యం చూద్దామన్నాను. ‘ఎగ్జిస్టో వల్గోరే’, ‘బ్లేడ్స్ ఫర్ బాల్’ లాంటివి కల్తీ లేని డెత్ మెటలే. దాదాపు సగం ఆల్బమ్ శుద్ధమైనదే కదా అన్నాను. “పులావులో సగం దాకానే మటన్ ఉందంటే మీ నాన్నగారు తింటారా?” అన్నాడు. మా నాన్నగారు వెల్లుల్లి కూడా ముట్టరు. ఆ పాయింటు వాడికి వదిలేశాను.

అసలు ఎలక్ట్రానిక్ అంటే ఏమిటని మళ్ళీ మొదలుపెట్టాను. డెత్ మెటల్ డ్రమ్మర్ రెండు కాళ్ళతో ఆ వేగంలో తొక్కితే బేస్ డ్రమ్ మోతంతా ముద్దయిపోతుంది. అందుకని చాలామంది డ్రమ్‌కి ట్రిగ్గర్ అని చిన్న సెన్సర్ తగిలిస్తారు. కాలు పడగానే ముందే రికార్డు చేసిపెట్టిన టిక్కుమనే చప్పుడు మోగుతుంది. అంటే కాలు మనిషిది, మోత మిషన్ది. కాలు కూడా మిషన్దే అయితే దాన్ని టెక్నో అంటున్నారు. ఇంత గొడవా ఒక కాలి గురించి! ఈ సిద్ధాంతం విన్నాక వాడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. బియ్యం అయిపోయాక మాట్లాడాడు.

పైగా ఇదేమీ కొత్త మచ్చ కాదు. 1994లోనే స్లొవేనియాకు చెందిన లైబాఖ్ అనే ఇండస్ట్రియల్ (యంత్రాల మోతతో కట్టే సంగీతం) బృందం చేత తమ పాటలు రీమిక్స్ చేయించుకుని, విడిగా ఈపీ (చిన్న ఆల్బమ్) వేసుకున్నారు. వేరు కాపురంలో చేస్తే సరదా, ఉమ్మడి ఇంట్లో చేస్తే పరువు.

పోనీ పెద్దమనుషుల్లో పెడదామా అంటే, వాళ్ళ తీర్పు ఒకటి చూశాం. అమెరికాలో సంగీతానికి బహుమతులిచ్చే గ్రామీ వాళ్ళు 1989లో తొలిసారి హార్డ్ రాక్, మెటల్ కలిపి ఒక బహుమతి పెట్టారు. పోటీలో అసలు సిసలు మెటల్ బృందం మెటాలికా ఉండగా, జెత్రో టల్ అనే రాక్ బృందానికి ఇచ్చారు. ఆ బృందం నాయకుడి చేతిలో ఉండేది ఫ్లూటు! ఫ్లూటు కూడా బరువైన లోహ వాద్యమేనని ఆ బృందం రికార్డు కంపెనీ ప్రకటన కూడా వేసుకుంది. మరుసటి ఏడాది గ్రామీ వాళ్ళు నాలుక కరుచుకుని బహుమతిని రెండుగా చీల్చారు.

ఈ విషయంలో మన కర్ణాటక సంగీతం వాళ్ళు ఘనులు. 72 మేళకర్తలు గీసి, మిగతా రాగాలన్నిటినీ వాటికి పిల్లల్ని చేశారు. తల్లి మేళంలో లేని స్వరాన్ని వెంటబెట్టుకొచ్చిన రాగాన్ని గెంటెయ్యకుండా భాషాంగం అన్నారు. కాంభోజిలో కాకలి నిషాదం పడితే మామిడికాయ ముక్క తగిలినట్టు తల ఊపుతారు తప్ప, కచేరీలో ఎవరూ లేచిపోరు. కాబట్టి ‘భాషాంగ డెత్ మెటల్’ అని రాస్తానన్నాను. దురదృష్టం, మా రూమ్మేట్‌కి చిన్నప్పుడు వాళ్ళమ్మ బలవంతంగా సంగీతం నేర్పించింది. “అన్యస్వరం చుట్టంలా వచ్చిపోవాలిరా. ఇక్కడ పీటల మీద కూర్చుంది అదే” అన్నాడు.

చివరికి ఆ గడి చరిత్రే తిరగేశాను. 1996లో ఎంపీత్రీ ఫైలు చివర పాట వివరాలు దాచే పద్ధతి పెట్టినప్పుడు, జానర్‌కి కేటాయించింది ఒకే ఒక్క బైట్. అక్కడ పేరు రాయరు, అంకె వేస్తారు. తొలి జాబితాలో 80 రకాలు, సున్నా నుంచి 79 దాకా. మెటల్ 9, టెక్నో 18. డెత్ మెటల్ 22. యూరో టెక్నో 25.

మొన్న రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. జుట్టు లేదు ఇప్పుడు, కోపం అలాగే ఉంది. ఆల్బమ్ 22లో బయల్దేరి 25 వైపు నడిచిందనే దాకా ఇద్దరం ఒప్పుకున్నాం. ఎక్కడ ఆగిందన్నదే తేలాలి. 24 సినిమా సంగీతం, కాబట్టి కాదు.

“మరి 23 ఏంటి?” అన్నాడు.

“ప్రాంక్స్.”

కాసేపు అవతల్నించి మాట లేదు.

“వేసెయ్” అన్నాడు.