రెస్ట్ ఏపీఐ ఉంది కదా, మధ్యలో మీ సర్వీసు దేనికి?

ఎంటర్‌ప్రైజ్ సెర్చ్ (కంపెనీ లోపలి డాక్యుమెంట్లని వెతకడం) మాట ఎత్తగానే ఈమధ్య ఒకే సలహా చేతులు మారుతోంది. "ఎలాస్టిక్‌సెర్చ్, సోలర్ లాంటి సెర్చ్ ఇంజిన్లకి హెచ్‌టీటీపీ ఏపీఐ (వెబ్ ద్వారా ప్రోగ్రాములు నేరుగా అడిగే దారి) ఉంది. జవాబు వచ్చే జేసన్ రూపాన్ని చదవలేని ప్రోగ్రామింగ్ భాష లేదు. క్లయింట్ లైబ్రరీలు (ఆ ఏపీఐని పిలిచే రెడీమేడ్ కోడ్) దొరుకుతాయి, సెక్యూరిటీ ఇంజిన్‌లోనే ఉంది. అప్లికేషన్లకీ ఇంజిన్‌కీ మధ్యలో సొంత వెబ్ సర్వీసు కడితే పని పెరుగుతుంది, స్పీడు తగ్గుతుంది." ఒకే టీమ్, ఒకే అప్లికేషన్ ఉన్నచోట ఇది నిజమే. జావా, పీహెచ్‌పీ, పైథాన్, నోడ్ ఒకే కంపెనీలో కాపురం చేస్తున్నచోట మాత్రం బెడిసికొడుతుంది.

జేసన్ అందరికీ ఒకటే అన్నది మొదటి మాట. రాత ఒకటే, చదివే తీరే వేరు. జావావాళ్లు ఒక డాక్యుమెంట్ నంబరుని 64 బిట్ల అంకెగా పెట్టారనుకోండి, 9007199254740993 అని. బ్రౌజర్లో జావాస్క్రిప్ట్ దాన్ని చదవగానే చివరి 3 కాస్తా 2 అవుతుంది. జావాస్క్రిప్ట్ నంబరు 53 బిట్లు దాటితే ప్రతి పూర్ణాంకాన్నీ పట్టుకోలేదు మరి. ఎర్రరేమీ రాదు, వేరే డాక్యుమెంటు తెరుచుకుంటుంది, అంతే. ట్విట్టర్ 2010లో ఈ తలనొప్పి వల్లే ఐడీని స్ట్రింగ్‌గా కూడా పంపడం మొదలుపెట్టింది.

తెలుగు డాక్యుమెంట్లుంటే ఇంకో తమాషా. 'తెలుగు' అన్న మాటని మనం మూడక్షరాలంటాం. జావా, పైథాన్ గుణింతం గుర్తుల్ని విడిగా లెక్కపెట్టి 6 అంటాయి. గో భాషలో లెన్, పీహెచ్‌పీలో స్ట్ర్‌లెన్ అనే ఫంక్షన్లు అక్షరాల్ని దాచే యూటీఎఫ్-8 బైట్లు లెక్కపెట్టి 18 అంటాయి. "ప్రివ్యూలో మొదటి 200 అక్షరాలు చూపించండి" అని అన్ని టీమ్‌లకీ ఒకే మెయిల్ పెట్టి చూడండి. ఒకరు గుణింతాన్ని ఊడగొడతారు, ఇంకొకరు అక్షరాన్నే మధ్యలో నరికి చివర పిచ్చి గుర్తు వదులుతారు. కత్తిరింపు ఏదో ఒక్కచోటే జరగాలి.

యూజర్ టైప్ చేసిన మాటని ఇంజిన్‌కి అందించడం దగ్గర కూడా ఇదే కథ. మన అకౌంట్స్‌వాళ్ల ఇన్వాయిస్ నంబర్లు ఐఎన్‌వీ/23-24/114 తరహాలో ఉంటాయి. ఈ ఇంజిన్ల అడుగున ఉన్న లూసీన్ లైబ్రరీ క్వెరీ (వెతుకులాట ప్రశ్న) భాషలో రెండు స్లాష్‌ల మధ్య ఉన్నది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనా)! ఎస్కేప్ చేయకుండా (ఇది మామూలు అక్షరమేనని గుర్తు పెట్టకుండా) పంపితే అడిగింది ఒకటి, వెతికేది ఇంకొకటి. సోలర్ జావా క్లయింటులో ఎస్కేప్ చేసే ఫంక్షన్ తయారుగా ఉంది. మిగతా భాషలవాళ్లు తలా ఒకటి రాసుకుంటారు, తలా ఒక గుర్తు మరిచిపోతారు.

ఇక క్లయింట్ లైబ్రరీలు. అవి కాల్ చేయడం తేలిక చేస్తాయి కానీ, జవాబు రూపం మారితే అడ్డుపడవు. 2019లో వచ్చిన ఎలాస్టిక్‌సెర్చ్ 7.0లో మొత్తం ఫలితాల సంఖ్య చెప్పే హిట్స్.టోటల్ అనేది అంకె స్థానంలో ఆబ్జెక్ట్ (లోపల విలువలుండే మూట) అయింది. పైగా మామూలుగా 10,000 దాకానే కచ్చితమైన లెక్క. "మొత్తం ఇన్ని ఫలితాలు" అని చూపించే ప్రతి అప్లికేషన్నీ, ప్రతి భాషలోనూ, వెతికి దిద్దుకోవాల్సి వచ్చింది. 2021లో ఎలాస్టిక్‌సెర్చ్ లైసెన్సు మార్పు, ఆ వెంటే ఓపెన్‌సెర్చ్ అనే ఫోర్క్ (అదే కోడ్ నుంచి విడిపోయిన వేరే ప్రాజెక్టు) వచ్చాయి. 7.14 వెర్షన్ నుంచి, ఎలాస్టిక్‌సెర్చ్ తయారుచేసే ఎలాస్టిక్ కంపెనీ అధికారిక క్లయింట్లు అవతల ఉన్నది తమ సర్వరేనా అని చూసి, కాకపోతే పనిచేయడం మానేశాయి. అంటే ఇంజిన్ మార్చాలనుకున్న కంపెనీ లైబ్రరీలూ మార్చుకోవాలి. మధ్యలో సొంత సర్వీసు ఉంటే ఆ చాకిరీ ఒక్కచోటే.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట సెక్యూరిటీ గురించి. డాక్యుమెంట్ స్థాయి అనుమతులు ఇంజిన్లో పెట్టుకోవచ్చు, కాదనను (ఎలాస్టిక్‌లో దానికి డబ్బు కట్టిన లైసెన్సు కావాలి, ఓపెన్‌సెర్చ్‌లో అక్కర్లేదు). కానీ అప్లికేషన్లు చాలావరకు ఒకే సర్వీస్ అకౌంట్‌తో (అప్లికేషన్‌కి ఇచ్చిన ఉమ్మడి లాగిన్‌తో) కనెక్ట్ అవుతాయి. అప్పుడు ఇంజిన్‌కి కనపడేది అప్లికేషనే తప్ప ఉద్యోగి కాదు. ఎవరు ఏం చూడొచ్చన్న ఫిల్టర్ ఐదు అప్లికేషన్లలో ఐదు రకాలుగా రాసుకున్నట్టే. నేను పనిచేసిన ఒకచోట ఒక టీమ్ ఫలితాలు వచ్చాక వాటిలోంచి నిషిద్ధమైనవి తీసేసేది. లిస్టు శుభ్రంగానే ఉండేది. పక్కన ఫోల్డర్లవారీ లెక్కల్లో మాత్రం 'అప్రైజల్స్ 14' అని కనపడేది! ఆ పద్నాలుగులో ఒక్కటీ తెరుచుకోదు, కానీ ఉన్నాయని అందరికీ తెలిసిపోయింది. ఫిల్టర్ క్వెరీలోనే చేరాలి, దాన్ని చేర్చే చెయ్యి ఒక్కటే అయ్యుండాలి.

స్పీడు సంగతి: ఒకే డేటా సెంటర్లో ఇంకో అడుగంటే సాధారణంగా ఒకట్రెండు మిల్లీసెకన్లు. ఆ సర్వీసు పడిపోతే అన్నీ ఆగుతాయన్నది మాత్రం న్యాయమైన అభ్యంతరం. అందుకే దాన్ని స్టేట్ లేకుండా (తనలో ఏమీ గుర్తుపెట్టుకోకుండా) రాసి, పనిని పంచే లోడ్ బ్యాలెన్సర్ వెనక కనీసం రెండు కాపీలు నడుపుతారు.

పని పెరుగుతుందన్న భయం కూడా, ఇంజిన్ ఏపీఐ మొత్తాన్నీ మళ్లీ కట్టాలనుకోవడం వల్ల వచ్చిందే. కావలసింది సెర్చ్, సజెస్ట్ (టైప్ చేస్తుండగా సూచనలు), ఒక డాక్యుమెంట్ తెచ్చివ్వడం, ఈ మూడు కాల్స్. ఐడీలన్నీ స్ట్రింగులు. ఈ కాల్స్‌ని వివరించే ఓపెన్ఏపీఐ ఫైలు ఒకటి రాసిపెడితే ఏ భాష టీమ్ ఆ భాషలో క్లయింట్ జనరేట్ చేసుకుంటుంది.