సోమవారం అర్జీకి ముందే గ్రామసభ ఉంది

సోమవారం పొద్దున నెల్లూరు కలెక్టరేట్ దగ్గర నిలబడి చూడండి. ఉదయగిరి వైపు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చినవాళ్లు చెట్టు కింద అర్జీ రాయించుకుంటూ కనిపిస్తారు. చేతిలో ఆధార్ జిరాక్సు, పాత అర్జీల రసీదులు. కదిలిస్తే చాలామందిది ఊళ్లో తేలాల్సిన సమస్యే: సైడు కాలువ, తాగునీటి బోరు, శ్మశానానికి దారి.

ఏ కాలువ ముందు తవ్వాలో మాట్లాడుకోవాల్సిన చోటు గ్రామసభ. పంచాయతీ ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. 15వ ఆర్థిక సంఘం 2021-26కు పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలని షరతు పెట్టింది. అంటే ఆ కాలువకు, ఆ బోరుకు డబ్బు వచ్చే దారి ఊళ్లోనే ఉంది. అది ఏ వీధికి పోవాలో తేల్చేటప్పుడు ఆ వీధివాళ్లు అక్కడ ఉండాలి కదా!

మా ఊళ్లో సభకు నేనూ వెళ్లాను. ముందురోజు సాయంత్రం టముకు వేశారు గానీ, అది మెయిన్ బజారు దాటి ఎస్టీ కాలనీకి రాలేదు. సభేమో పగలు పదకొండింటికి. నాట్ల రోజులు, ఆడవాళ్లంతా చేలల్లో ఉన్నారు. పాతికమందిమి కూర్చున్నాం, అరగంటలో ముగించేశారు. ఆ తర్వాత మూడు రోజులు తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిరిగింది. కాలనీలో ఒక పెద్దావిడ వేలిముద్ర వేస్తూ, "ఇది దేనికి అబ్బయ్యా?" అని అడిగింది. పుస్తకం తెచ్చినవాళ్లు జవాబు చెప్పకుండానే పక్కింటికి పోయారు. నాకు చాలా బాధేసింది.

జనానికి ఆసక్తి లేదంటే నేనొప్పుకోను. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు సభలు పెట్టారు. ముందే గట్టిగా ప్రచారం చేశారు కాబట్టి ఆ రోజు సంగతి అందరికీ తెలిసింది. మామూలు సభలకూ ఆపాటి కబురు అందాలి. కూలికి పోయేవాళ్లు ఇంటికొచ్చే వేళకు పెట్టాలి.

తీర్మానాల నకలు సమాచార హక్కు కింద అడగొచ్చు. గ్రామస్థాయి కార్యాలయాల్లో దరఖాస్తు ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఏటా వేసుకునే పంచాయతీ ప్రణాళిక ఈ-గ్రామ్‌స్వరాజ్ సైటులో ఫోన్లోనే కనిపిస్తుంది. మా ఊరిది తెరిచి చూశాను. కాలనీ బోరు అందులో లేదు.

వచ్చే సభ సాయంత్రం ఆరింటికి, కాలనీలోనే పెట్టమని కార్యదర్శికి కాగితం ఇచ్చాం. దానిమీద మొదటి వేలిముద్ర ఆ పెద్దావిడదే. ఈసారి ముందు చదివి వినిపించాకే వేయించాం.