ముందు చోటు చూపిద్దాం, పేర్లు తర్వాత

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో మన పిల్లలు చాలామందికి షార్కుల రకాలు గడగడా వచ్చు. ఆక్టోపస్‌కి మూడు గుండెలని నాలుగేళ్లకే చెప్పేస్తారు. సంతోషమే. కానీ ఆ జీవి ఎక్కడ ఉంటుంది, అక్కడే ఎందుకు ఉంటుంది అని అడిగితే "సముద్రంలో" అని ఊరుకుంటారు. పిల్లలనేం అనగలం? మనం కొనిచ్చిన బొమ్మల కార్డుల్లో ప్రతి జంతువూ నీలిరంగు కాగితం మీద ఒంటరిగానే ఉంటుంది మరి.

సముద్రాన్ని పిల్లలకి పరిచయం చేయాలంటే చోటుతో మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. అందుకు దూరం వెళ్లక్కర్లేదు. హాఫ్ మూన్ బేకి కాస్త ఉత్తరాన, మాస్ బీచ్‌లో ఫిట్జ్‌జెరాల్డ్ మెరైన్ రిజర్వ్ ఉంది. ఆటు వేళ నీళ్లు వెనక్కి తగ్గగానే అక్కడ రాళ్ల మధ్య గుంటలు బయటపడతాయి. వీటినే టైడ్ పూల్స్ అంటారు.

అక్కడ రెండు మూడడుగులు కిందికి దిగితే చాలు, కాపురముండే జీవులు మారిపోతాయి. పైన, ఎక్కువసేపు ఎండ తగిలే రాళ్లకి బార్నకిల్స్ అనే బుల్లి గుల్లజీవులు అతుక్కుని, గుల్ల తలుపులు బిగించుకుని ఉంటాయి. వాటి కింద మస్సెల్స్ అనే నల్లటి ఆల్చిప్పల గుత్తులు. ఇంకా కింద, తడి ఆరని చోట స్టార్ ఫిష్. మస్సెల్స్ ఇంకా కిందికి ఎందుకు పాకవు? స్టార్ ఫిష్ బతకనివ్వదు. గుల్లని కాస్త తెరిచి, తన పొట్టనే బయటికి తీసి లోపలికి దూర్చి అరిగించుకుంటుంది! ఈ మాట చెప్పి చూడండి, ఏ పిల్లవాడూ ఫోన్ అడగడు. 1963లో రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో ఒక రాతి మీద స్టార్ ఫిష్‌లన్నీ ఏరి తీసేయడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకి మస్సెల్స్ చోటంతా ఆక్రమించి, అక్కడున్న 15 రకాల జీవుల్లో 8 మాత్రమే మిగిలాయి. ఒక జీవికి తన చోటుతో ఉన్న సంబంధం ఏమిటో పదేళ్ల పిల్లకి కూడా దీంతో అర్థమవుతుంది.

నాకు బాగా ఇష్టమైనది అనెమొనీ అనే మెత్తటి సముద్రజీవి. నీళ్లు లేనప్పుడు ముడుచుకుని, ఒంటి నిండా గుల్లముక్కలు అంటించుకుని తడి ఇసుక ముద్దలా కనిపిస్తుంది. ఆ గుల్లముక్కలే అది ఎండిపోకుండా కాపాడతాయి. తెలియనివాళ్లు తొక్కేస్తారు, అందుకే పిల్లలకి ముందు చూసి అడుగేయడం నేర్పాలి. నీటి గుంటలో ఉన్నది మాత్రం పువ్వులా విచ్చుకుని ఉంటుంది. తడి వేలితో మెల్లగా తాకితే జిగురులా పట్టుకుంటుంది. నిజానికి అలా పట్టుకునేవి దాని సన్నటి విషపు ముళ్లు, మన వేలి చర్మాన్ని ఏమీ చేయలేవు, చిన్న రొయ్యకైతే ప్రాణాంతకం.

దీని తర్వాత మాంటెరే బే అక్వేరియంకి తీసుకెళ్లండి. 28 అడుగుల ఎత్తున్న అక్కడి కెల్ప్ (పొడవాటి సముద్రపు నాచు) అడవి ముందు పిల్లలు నిలబడి చూసే తీరే వేరుగా ఉంటుంది. ఏ చేప ఏ ఎత్తులో తిరుగుతోందో వాళ్లే వెతుకుతారు.

ఇండియా వెళ్లినప్పుడు విశాఖ మీదుగా వెళ్లేవాళ్లకి ఇంకో మాట. అక్కడి రాళ్ల తీరాల్లోనూ ఇలాంటి గుంటలున్నాయి. షాపింగ్‌లో ఒక పూట తగ్గించుకుని, తాతయ్యనీ అమ్మమ్మనీ వెంటబెట్టుకుని వెళ్లొచ్చు.

మన సంఘానికి నా విన్నపం ఇది. ఏటా పార్కులో పిక్నిక్ పెడుతున్నాం, ఒక్కసారి సముద్రపు ఒడ్డున పెడదాం. తేదీ చూడడం మనకి కష్టం కాదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో ఆటు బాగా ఎక్కువ, పంచాంగం చూసి రోజు అనుకుని ఆటుపోట్ల వేళలు చూపే టైడ్ టేబుల్‌లో గంట సరిచూసుకుంటే సరి. డిసెంబర్, జనవరిల్లో పెద్ద ఆటు మధ్యాహ్నం పూట వస్తుంది కాబట్టి చిన్నపిల్లలతో సులువు. వేసవిలోనైతే తెల్లవారుజామునే లేవాలి. జారని బూట్లు వేయించండి, అలలకి వీపు పెట్టనివ్వకండి. బకెట్లు ఇంట్లోనే ఉంచండి. గుల్ల కూడా తీసుకురాకూడదని అక్కడి నియమం, ఆ ఖాళీ గుల్ల కోసం ఒక బుల్లి పీత ఎదురుచూస్తూ ఉంటుందని చెబితే పిల్లలు మారుమాట్లాడకుండా వదిలేస్తారు. పది కుటుంబాలు వస్తామంటే ఈ జనవరికే పెట్టుకోవచ్చు, పిల్లల్ని గుంటల దగ్గరికి తీసుకెళ్లి చూపించే పని నేను చేస్తాను.